నీళ్ల మధ్య నిమ్మచెట్టు

కోడలి పనిలో తప్పులు పట్టే అత్తగారికి నెలజీతం ఇచ్చి, కుర్చీ వేసి కూర్చోబెడితే ఎలా ఉంటుందో నా ఉద్యోగం అలా ఉంటుంది. దేశంలోని భూముల రికార్డులన్నిటినీ కంప్యూటర్లలో పెట్టి, ఇంట్లో కూర్చున్నవాళ్లకు కూడా కనిపించేలా చేసే ఆఫీసు మాది. ఫలానా స్థలం ఎక్కడుంది, హద్దులేమిటి, ఎవరి పేరున ఉంది, దాని మీద ఇంకెవరికి ఏం హక్కులున్నాయి అని అడిగితే మా సర్వీసు రెప్పపాటులో చెబుతుంది. ఆ సర్వీసును రాసేవాళ్లు వేరే ఉన్నారు. అది జనంలోకి వెళ్లేముందు దాన్ని గిల్లి, గిచ్చి, ఎక్కడ ఏడుస్తుందో చూడటం నా పని. ఆఫీసులో నన్ను పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. ‘అత్తగారు’ అంటారు. నాకింకా పెళ్లే కాలేదు.

గిల్లి చూడటానికి ఒక స్థలం కావాలి. నిజమైన మనుషుల నిజమైన భూములతో ఆడుకోకూడదు కదా. ఒకరి హద్దు గీత పొరపాటున కాస్త పక్కకు జరిగిందంటే రెండు కుటుంబాలు జన్మలో మాట్లాడుకోవు. అందుకని నేను చేరకముందే మా గురువుగారు ఒక స్థలాన్ని పుట్టించారు. గురువుగారంటే మా టీమ్‌కు పెద్ద. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని కళ్లజోడు కోసం బల్లంతా వెతుక్కునే మనిషి. పటంలో నిలువు గీతలకూ అడ్డ గీతలకూ లెక్క మొదలయ్యే చోటు ఒకటుంది, సున్నా దగ్గర సున్నా. అది నడిసముద్రం. అక్కడ ఎవరి భూమీ ఉండదు కాబట్టి ఎవరికీ నష్టం లేదని ఆయన ఆ నీళ్లలో నాలుగు మూలలు పాతి ఒక స్థలం గీశారు. తెర మీద చూస్తే చుట్టూ అంతులేని నీలం, మధ్యలో లేత పసుపు ముక్క ఒకటి. ప్రతి ఉదయం అందరికంటే ముందు మేం ఆ స్థలం గురించి మా సర్వీసును అడుగుతాం. జవాబు వచ్చిందంటే సర్వీసు బతికే ఉన్నట్టు. అందుకే ఆ ముక్క అసలు రికార్డుల్లో, అందరి భూములతో పాటే ఉండేది.

స్థలం అన్నాక యజమాని కావాలి. ఆ యజమానికి నిజమైన గుర్తింపు కార్డు, నిజంగా మోగే ఫోను ఉండాలి. ఎందుకంటే ఏ మార్పు చేసినా యజమాని ఫోనుకు ఓటీపీ వెళ్తుంది. ఆ నంబరు చెబితేనే మార్పు నిలుస్తుంది. పైగా ఆ మనిషికి మరెక్కడా భూమి ఉండకూడదు, ఉంటే లెక్కలు కలగాపులగం అవుతాయి. ఆఫీసంతా గాలించారట. డ్రైవరుకు తాతగారి వాటా ఉంది. వాచ్‌మన్‌కు అన్నదమ్ములతో తగువులో ఉన్న పెంకుటిల్లు ఉంది. అంగుళం నేల కూడా లేని మనిషి ఒక్కరే దొరికారు, మా అంతస్తు చివర చిన్న గదిలో టీ కాచే అక్క.

“నా పేరున భూమా? రాయండి, రాయండి. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారంటారు, నేను భూమి వద్దంటానా?” అందట టీ అక్క. కాగితం మీద సంతకం కూడా పెట్టింది. అలా నడిసముద్రంలో ఆమె భూస్వామి అయింది.

టీ అక్క యాభై దాటిన మనిషి. ఆమె, ఆమె చెల్లెలు కలిసి ఒక అద్దె గదిలో ఉంటారు. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. చెల్లెలు బట్టలు కుడుతుంది. గది ఎంతుంటుందని ఒకసారి అడిగాను. “అది మిషను తొక్కుతుంటే నా మంచం కూడా ఊగుతుంది. అంత,” అని చెప్పింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఆ స్థలంలో బావి తవ్వాను. నీటి హక్కుల పేజీ పనిచేస్తుందో లేదో చూడాలంటే బావి ఉండాలి మరి. లోతు అడిగిన గడిలో తోచిన అంకె వేసి, అప్పటికే ఆఫీసులో అలవాటైన కేక ఒకటి నేనూ పెట్టాను. “అక్కా, నంబర్!” స్టవ్ చప్పుడు మీదుగా ఆమె గొంతు ఒక్కో అంకెనూ పాటలాగా సాగదీస్తూ వచ్చింది. కాసేపటికి గ్లాసు నా బల్ల మీద పెడుతూ నిలబడిపోయింది.

“ఇవాళ నా స్థలంలో ఏం చేశావమ్మాయ్?”

“బావి తవ్వానక్కా.”

“నీళ్లు పడ్డాయా?”

సముద్రం మధ్యలో తవ్వితే నీళ్లు పడకేం చేస్తాయి? పడ్డాయన్నాను.

“తియ్యగా ఉన్నాయా, ఉప్పగా ఉన్నాయా?”

ఆ గడి మా పేజీలో లేదు. తియ్యగా ఉన్నాయని చెప్పాను. ఆమె ముఖం చాటంత అయింది. ఆ రోజు నా టీలో చక్కెర రెండింతలు పడింది.

ఆ తర్వాత అదొక ఆట అయిపోయింది. కట్టడాల పేజీ కొత్తగా వచ్చినప్పుడు రెండు గదుల ఇల్లు కట్టాం. కిటికీలు ఎటున్నాయని మా పేజీ అడగదు, అక్క మాత్రం అడిగింది. తూర్పుకు ఒకటి పెట్టమని చెల్లెలు చెప్పి పంపింది, మిషను మీద వెలుతురు పడాలట. ‘వివరాలు’ అన్న గడిలో ‘తూర్పు కిటికీ’ అని రాశాను. చెట్ల పేజీ వచ్చినప్పుడు ఏ చెట్టు కావాలని అడిగితే అక్క తడుముకోకుండా నిమ్మ అంది. ప్రహరీ గోడ వచ్చింది. గోడకు గేటు వచ్చింది. గురువుగారు నుదుటి మీది కళ్లజోడు కిందికి దించి తెరను చూసి, “గాల్లో మేడలు కట్టేవాళ్లను చూశాను గానీ, నీళ్లలో కట్టేవాళ్లను మిమ్మల్నే చూస్తున్నా,” అనేవారు. గేటుకు రంగు ఏం వేశారని మాత్రం ఆయనే అడిగారు.

దారి హక్కుల పేజీ వచ్చినప్పుడు చిక్కు వచ్చింది. ఒకరి స్థలంలోంచి ఇంకొకరు నడిచి వెళ్లే హక్కు అది. దానికి రెండో మనిషి కావాలి. వెతకడం ఎందుకని నా పేరే రాసుకున్నాను. పడమటి గేటు దగ్గర మొదలై, బావి పక్కగా, నిమ్మచెట్టు కింద నుంచి తూర్పు హద్దు దాకా నాకు నడకదారి. ఇద్దరి ఫోన్లకూ నంబర్లు వచ్చాయి, ఇద్దరం ఒప్పుకున్నాం.

“ఆ దారిన ఎక్కడికి పోతావే? అటుపక్క సముద్రమేగా,” అంది అక్క.

“నీళ్లు చూసి వస్తాలే.”

“చూసి రా. వచ్చేటప్పుడు రెండు కాయలు కోసుకురా.”

మాట తమాషాకే అన్నాను గానీ, నిజంగానే వెళ్లేదాన్ని. నాకు హాస్టలు నుంచి ఆఫీసు, ఆఫీసు నుంచి హాస్టలు, రెండూ ఒకే బస్సు. అంతకు మించి నేను నడిచే దారి లేదు. భోజనాలయ్యాక అంతస్తంతా మగతగా ఉండే వేళ, కిటికీ తెర ఉబ్బి మెల్లగా తగ్గుతుంటే, నేను ఆ పసుపు ముక్కను తెర నిండేలా పెద్దది చేసి చూస్తూ కూర్చునేదాన్ని. కాసేపటికి గేటు కిర్రుమనేది. బావి గట్టు మీద చెయ్యి ఆనిస్తే చల్లగా తగిలేది. ఇంట్లోంచి మిషను చప్పుడు ఆగి ఆగి వినిపించేది. నిమ్మ ఆకు ఒకటి తుంపి నలిపి వాసన చూస్తూ తూర్పు హద్దు దాకా వెళ్లి నిలబడితే, నా పాదాల ముందే నీలం మొదలయ్యేది, దానికి అంతం ఉండేది కాదు. అలలు లేవు. పటంలో నీళ్లు కదలవు కదా. నేను అక్కడ ఎంతసేపు నిలబడ్డా ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. ఇదంతా ఉత్తదని నాకు తెలుసు. కలకు కూడా తప్పులు పట్టేంత పిచ్చిదాన్ని కాను కాబట్టి, దాని జోలికి మాత్రం పోలేదు.

ఈ ఏడాది వేసవి చివర టీ అక్క ఇంటి ఓనరు ఆ భవనాన్ని కూలగొట్టి కొత్తది కట్టుకుంటానని, అందర్నీ ఖాళీ చేయమని చెప్పాడు. కొత్త అద్దెలు విని అక్కాచెల్లెళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. అదే సమయానికి భూమి లేనివాళ్లకు ఇళ్ల స్థలాలు ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. అక్క దరఖాస్తు పెట్టింది. ఆమెకు రాక ఇంకెవరికి వస్తుందిలే అనుకున్నాం. భూమి లేకపోవడంలో ఆమెను మించిన మనిషి మా ఆఫీసులోనే లేదని ఒకప్పుడు తేలిందాయె.

ఒక ఉదయం ఆమె టీ తేకుండా ఫోను తెచ్చింది. నా బల్ల మీద పెట్టి, తుడిచే గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. ‘మీ పేరున ఇప్పటికే భూమి, గృహము ఉన్నందున దరఖాస్తు తిరస్కరించడమైనది’ అని ఉంది.

“నాకు భూమి ఉందట. ఎక్కడుందో కనుక్కుని చెప్పమ్మాయ్. వెళ్లి అక్కడే ఉంటాం,” అంది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

కనుక్కోవడానికి ఏముంది? ఆ స్థలాలిచ్చే ఇళ్ల ఆఫీసువాళ్లు ఇప్పుడు కాగితాలు చూడటం లేదు. మనిషి కార్డు నంబరు ఇచ్చి నేరుగా మా సర్వీసును అడుగుతున్నారు. మా సర్వీసు రెండు గదుల ఇల్లు, తియ్యటి నీళ్ల బావి, కాపుకొచ్చిన నిమ్మచెట్టు, గోడ, గేటు అన్నీ రెప్పపాటులో ఒప్పజెప్పింది. ఆ రెండు ఆఫీసుల కంప్యూటర్లు సరిగ్గా కలిశాయో లేదో నెల కిందటే మేం పరీక్షించాం. ఎవరి కార్డుతో పరీక్షించాం? టీ అక్క కార్డుతోనే. ఆమెకు భూమి ఉందని సర్వీసు ఠక్కున చెప్పింది. చప్పట్లు కొట్టి, ఆమె చేత్తోనే టీలు తాగాం. అంతమంది చదువుకున్నవాళ్లం, ఒక్కరికీ బుర్ర వెలగలేదు.

అందరం మా ఆఫీసు డైరెక్టరమ్మ గదిలో చేరాం. అభ్యంతరాలు చెప్పుకోవడానికి నెలాఖరు దాకానే గడువు. ఆ తర్వాత జాబితా మూసేస్తారు. మళ్లీ ఎప్పుడు తెరుస్తారో దేవుడికే తెలియాలి.

“రికార్డుల్లో ఆ స్థలం వరస చెరిపేస్తే పోలా?” అన్నాను.

గురువుగారు తల వంచుకున్నారు. “చెరపడం కుదరదు. మన రిజిస్టరులో భూమి పుడుతుంది, చేతులు మారుతుంది, చీలుతుంది, కలుస్తుంది. చావదు. ఎంతటివాళ్లు అడిగినా చెరపలేకుండా తాళం వేశాం. వేసింది నేనే.”

“మీరే తియ్యండి మరి.”

డైరెక్టరమ్మ నా వైపు చూసింది. “ఇవాళ టీ అక్క కోసం వెనక తలుపు తీస్తే, రేపు ఇంకెవరి భూమో చెరపమని ఇంకెవరో అదే తలుపు దగ్గరికి వస్తారు. కాదనగలవా?”

కాదనలేను. ఆమె మాట నిజమని తెలిసేసరికి నాకు ఇంకా ఒళ్లు మండింది. “అయితే ఆ అక్కాచెల్లెళ్లను రోడ్డు మీద పడేద్దామా?” అని అరిచాను. ఆమె నన్ను కసురుకోలేదు. అది మరీ కష్టంగా అనిపించింది.

ఇంకొకరి పేరుకు మార్చేద్దామంటే, ఈమధ్య కాలంలో భూమి అమ్మినవాళ్లకూ దానమిచ్చినవాళ్లకూ స్థలం ఇవ్వరట. అసలు ఆ భూమే అబద్ధమని ఇళ్ల ఆఫీసుకు ఫోను చేసి చెప్పాం. అక్కడి గుమాస్తా మర్యాదస్తుడు. “మీ సర్వీసే ఉందని చెబుతోంది కదండీ. మీరే కాదంటే మేం ఎవర్ని నమ్మాలి?” అన్నాడు. ఎవరు తవ్వుకున్న గోతిలో వాళ్లే పడతారంటారు. మేం తవ్విన గోతిలో టీ అక్క పడింది.

నాలుగైదు రోజులు ఆఫీసులో ఎవరం సరిగ్గా మాట్లాడుకోలేదు. టీ వేళకే వచ్చేది. “ఇవాళ ఏం కట్టారు?” అన్న మాట మాత్రం ఆగిపోయింది. ఆమెకు మా మీద కోపం వచ్చి ఉంటే నాకు హాయిగా ఉండేది.

ఒక మధ్యాహ్నం గురువుగారు కళ్లజోడు వెతుక్కోకుండానే నా దగ్గరికి పరుగులాంటి నడకతో వచ్చారు. “నీటమునక!” అన్నారు.

అదీ మా సర్వీసుల్లో ఒకటే. ఏటి ఒడ్డున పొలాలున్నవాళ్ల కోసం ఎప్పుడో రాశాం. ఏరు దారి మార్చి ఎవరి భూమినైనా మింగేస్తే, ఆ యజమాని చెప్పుకోవాలి. ఉపగ్రహం తీసిన బొమ్మలో అక్కడ నీళ్లు కనిపిస్తే చాలు, ఆ భూమి ఖాతా మూతపడుతుంది. అమ్మినట్టు కాదు, ఇచ్చినట్టు కాదు. చట్టం దృష్టిలో ఆ మనిషి భూమి లేని మనిషి అవుతుంది. దాన్ని ఎవరూ పెద్దగా వాడకపోవడంతో మేం మరిచేపోయాం.

“అక్క చేత అబద్ధం చెప్పించడం కాదా?” అంది డైరెక్టరమ్మ, మేం వెళ్లి చెబితే.

“అబద్ధం ఎక్కడుందమ్మా?” గురువుగారు ఆ చోటి ఉపగ్రహం బొమ్మ ఆమె ముందు తెరిచారు. “చూడండి, నీళ్లే. మనం భూమి అన్నదే అబద్ధం. ఆమె మునిగిందంటే, రిజిస్టరులో మొట్టమొదటిసారి నిజం పడుతుంది.”

డైరెక్టరమ్మ ఆ నీలాన్ని చాలాసేపు చూసింది. “పౌరులు ఎలా చేస్తారో అలాగే చేయండి. కింద కౌంటరులో, వరసలో నిలబడి,” అంది.

నేను చిన్న గదిలోకి వెళ్లి అక్కకు చెప్పాను. ఆమె స్టవ్ మంట తగ్గించి, విన్నదంతా విని, గుడ్డను నాలుగు మడతలు పెట్టింది.

“అంటే, ముంచెయ్యాలా?”

“కాగితం మీదే అక్కా.”

“ఉన్నది కూడా కాగితం మీదేగా.” మడత విప్పి మళ్లీ పెట్టింది. “చెల్లికి ఒక మాట చెప్పి వస్తా.”

మర్నాడు పొద్దున చెల్లెలు కూడా వచ్చింది. ఆమెను చూడటం నాకు అదే మొదలు. అక్కలాగే ఉంది, ఇంకాస్త సన్నం. బంధువుల ఇంటికి వచ్చినట్టు మంచి బట్టలు కట్టుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని వచ్చింది. కింద కౌంటరు దగ్గర మా ముగ్గురికీ కుర్చీలు వేశారు. మా వెనక వరసలో జనం. నేను తెర తెరిచి, పసుపు ముక్కను వాళ్లకు కనిపించేలా తిప్పాను. చెల్లెలు దాన్ని చూడటం కూడా అదే మొదలట.

“ఇదేనా?” అంది.

“ఇదే. తూర్పు ఇటు. నీ కిటికీ ఇక్కడ,” అని అక్క వేలితో చూపించింది.

భూమి ఖాతా మూయాలంటే ముందు దాని మీదున్నవన్నీ ఒక్కొక్కటే తీసెయ్యాలి. అలా రాశాం మేం, మా తెలివి తగలెయ్య. ముందు నిమ్మచెట్టు వచ్చింది. నేను మీట నొక్కబోతుంటే చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది.

“ఆగమ్మా. కాయలు కొయ్యాలి.”

చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను. కౌంటరులో కూర్చున్న కుర్రది మా వంక వింతగా చూసింది. చూస్తే చూసిందని ఊరుకున్నాను. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ తెర వైపే చూస్తూ కూర్చున్నారు. ఫ్యాను తిరుగుతోంది. ఎక్కడి నుంచో నిమ్మ వాసన వచ్చినట్టయింది.

“కోశారా?” అని అడిగాను చివరికి.

“కోశాం,” అంది అక్క. ఫోను చూసి నంబరు చెప్పింది. పాటలాగా చెప్పలేదు. తెర మీద చెట్టుకు గుర్తుగా ఉన్న ఆకుపచ్చ చుక్క పోయింది.

గేటు పోయింది, గోడ పోయింది. ఇల్లు వచ్చినప్పుడు అక్క చెల్లెలి వైపు తిరిగి, “మిషను బయట పెట్టావా?” అంది. “పెట్టాను. దారం డబ్బా కూడా,” అంది చెల్లెలు. బావి దగ్గర మాత్రం అక్కకు నవ్వొచ్చింది. “దీన్నేం ముంచుతావే, నిండా నీళ్లే కదా?” అంది. ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే బావినీ తీసేశాం.

చివరికి ఒక సన్నటి గీత మిగిలింది. అది నా దారి. ‘ఈ హక్కును వదులుకొనుటకు మీకు సమ్మతమేనా?’ అని అడిగింది సర్వీసు. నా ఫోను బల్ల మీద గురగురమంది. ఆ ప్రశ్న రాసింది మేమే. దాన్ని వందసార్లు చూసి ఉంటాను, ఒక్కసారి కూడా చదవలేదని అప్పుడు తెలిసింది. గేటూ చెట్టూ బావీ అప్పటికే పోయాయి, దారి ఒక్కటే ఆ ఖాళీ పసుపులో వేలాడుతోంది. అయినా నా వేళ్లు కదల్లేదు. వదులుకోవడం నాకిష్టం లేదు. ఎంత చిన్నపిల్ల చేష్ట అనుకున్నా ఇష్టం లేదు. అక్క నా భుజం మీద చెయ్యి వేసింది. నేను నంబరును పైకి చదవకుండా గడిలో కొట్టేశాను.

ఆ తర్వాత పేజీలో ఖాళీ గడి ఒకటే ఉంది. ‘భూమి ఏ విధముగా మునిగినదో యజమాని స్వంత మాటలలో’. నేను అక్క వైపు చూశాను. ఆమె తెర వైపే చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది. నేను టైపు చేశాను.

“నీళ్లు ఒక్కసారిగా రాలేదు. ముందు తూర్పు హద్దు దగ్గర నేల తడిసింది. మా అమ్మాయి రోజూ నడిచే చోటు అది. వెనక్కి పోతాయిలే అనుకున్నాం. నిమ్మచెట్టు మొదట్లోకి వచ్చాయి. నా చెల్లెలు కిటికీ దగ్గర కుడుతూనే ఉంది, గుడ్డ సగంలో ఉందని. గుమ్మం దాటి వచ్చాయి. అప్పుడు బావి నీళ్లు తాగి చూశాం. ఉప్పగా ఉన్నాయి. ఇక ఇక్కడ ఉండనివ్వవని తెలిసింది. మిషను ఒకపక్క నేను, ఒకపక్క అది పట్టుకుని బయటికి వచ్చేశాం. ఎవరి మీదా కోపం లేదు. నీళ్ల చోటికి నీళ్లు వచ్చాయి.”

నా వెనక వరసలో సంచి చంకన పెట్టుకున్న ఒక పెద్దాయన ముందుకు వంగి, “ఏ ఊరమ్మా మీది?” అని అడిగాడు.

“చాలా దూరం బాబూ,” అంది అక్క.

ఆ మాటల్లో తప్పులు పట్టాల్సింది నేనే. మొదటి నుంచీ చివరి దాకా చదివాను. ఒక్కటీ పట్టలేకపోయాను. ఆఖరి నంబరు అడిగి మీట నొక్కాను. పసుపు రంగు అంచుల నుంచి వెలిసిపోయినట్టు పోయి, తెరంతా నీలం అయింది. తర్వాత ఎంత వెతికినా అక్కడ ఏదో ఉండేదని చెప్పలేం.

కౌంటరు కుర్రది ధ్రువపత్రం అచ్చు తీసి ఇచ్చింది. ‘ఈ వ్యక్తి పేరున దేశములో ఎక్కడనూ భూమి గాని, గృహము గాని లేదు.’ ఇన్నాళ్లూ మేం దేనికోసం కొట్టుకున్నామో ఆ ముక్కే అది. అక్క దాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

“ఎక్కడా అంటే, ఎక్కడా లేదనేగా?”

“లేదక్కా.”

“ఇందాకటి దాకా ఉండేది,” అంది. చెల్లెలు ఆ కాగితాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని, నలగకుండా సంచిలో పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. జనం ముందు ఏడవడం నాకు ఒళ్లుమంట. అయినా ఏడ్చాను.

జాబితా మూసేలోపు ఇళ్ల ఆఫీసు మళ్లీ అడిగింది, మా సర్వీసు లేదని చెప్పింది. అక్క పేరు ఎక్కింది. ఇప్పుడు ఉదయాన్నే సర్వీసు బతికి ఉందో లేదో చూడటానికి మేం డైరెక్టరమ్మ ఫ్లాటు గురించి అడుగుతున్నాం. ఆవిడే ఇచ్చింది. అందులో మేం బావులు తవ్వం, చెట్లు నాటం. జవాబు వచ్చిందా, రాలేదా, అంతే. భోజనాలయ్యాక కిటికీ తెర ఉబ్బి తగ్గుతుంటుంది, నేను గోడ వైపు చూస్తూ కూర్చుంటాను.

వానలు తగ్గాక అక్కకు స్థలం చేతికొచ్చింది. ఆ సంగతి మామూలుగా, గ్లాసులు సర్దుతూ చెప్పింది. “ఎంతుంది?” అని అడిగితే, “రెండు మంచాలు వేసి మిషను పెడితే, మనిషి పక్కకు తిరిగి నిలబడాలి,” అంది. రేకుల గది ఒకటి వేయిస్తున్నారట. “ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. పెళ్లి ఎలాగూ చూడలేదు, ఇల్లన్నా చూస్తాను,” అని నవ్వింది. వచ్చి చూడమంది. వస్తానన్నాను. కొత్త సర్వీసు విడుదల పనిలో పడి వెళ్లలేదు. ఇంకో నిజం కూడా ఉంది. ఆ ఇరుకు నేలను చూస్తే నీలం మధ్య పసుపు ముక్క గుర్తొస్తుందని భయపడ్డాను.

నిన్న భోజనాలయ్యాక నా ఫోను గురగురమంది. ‘మీ పేరున నడకదారి హక్కు నమోదు చేయబడుచున్నది. సమ్మతించుటకు నంబరు తెలుపండి.’ నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అసలు రికార్డుల మీద పరీక్షలు చేయొద్దని ఇన్నిసార్లు చెప్పినా మళ్లీ ఎవడో చేశాడు, వాణ్ని ఇవాళ వదలకూడదని లేచాను. గురువుగారి దగ్గరికి వెళితే ఆయన ఎన్నడూ లేనంత శ్రద్ధగా తన తెర చూసుకుంటున్నారు. కళ్లజోడు నుదుటి మీదే ఉంది. అది లేకుండా ఆయనకు తెర మీద ఒక్క అక్షరం కనిపించదు.

అప్పుడు సందేశం మళ్లీ చదివాను. హక్కు ఇచ్చేవారు, టీ అక్క. కింద చిన్న పటం ఉంది. ఊరి చివర వరసగా గీసిన ముక్కల్లో ఒక సన్నటి పసుపు ముక్క. దాని పడమటి అంచు నుంచి తూర్పు అంచు దాకా, ఒక మనిషి నడిచేంత వెడల్పున గీత. గీత పక్కన ఆకుపచ్చ చుక్క.

నేను చిన్న గది గుమ్మం దగ్గరికి వెళ్లాను. అక్క స్టవ్ ముందు నిలబడి, ఒక చేత్తో టీ కలుపుతూ, ఇంకో చేత్తో ఫోను కంటికి దూరంగా పట్టుకుని చూస్తోంది.

“అక్కా, నీకు బుద్ధుందా? ఉన్నది చాప పరిచేంత. అందులో మళ్లీ నాకు దారేంటి?”

“మంచం కాస్త జరుపుకుంటాంలే,” అంది తిరక్కుండానే. “అటుపక్క సముద్రం లేదు మరి, పక్కింటివాళ్ల గోడ ఉంది. అంతదాకా నడిచిరా. నిమ్మ మొక్క పెట్టాం, అది తలెత్తడానికే ఇంకా టైముంది.”

తప్పు పట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చూశాను.

“టీ పొంగిపోతోంది, నిలబడతావేంటి?” అని ఆమె నా వైపు తిరిగింది. “అమ్మాయ్, నంబర్!”

నేను ఫోను చూసి, ఒక్కో అంకెనూ ఆమెలాగే సాగదీస్తూ చెప్పాను. ఆరంకెల నంబరే. చెప్పడానికి చాలాసేపు పట్టింది.